కళ్లు మూసుకున్న పది రోజులు

నవంబరు మొదటి వారంలో, మధ్యాహ్నం రెండున్నరకు సరిహద్దు కొండల మీది సైనిక పోస్టు చేరాను. ఎత్తు పన్నెండు వేల అడుగులు. చలి సున్నాకు తొమ్మిది డిగ్రీలు కింద. మొత్తం ఎనిమిది మందిమి. నా పని టెలిఫోన్ తీగ. కింది పోస్టు దాకా నాలుగు కిలోమీటర్లు. వారానికోసారి నడిచి చూసి, తెగినచోట అతకాలి.

రేడియో ఆపరేటర్‌ది కూడా జంషెడ్‌పూరే. మాది అగ్రికో కాలనీ, వాళ్లది సాక్చి బజారు వెనక సందు. నాకన్నా నాలుగేళ్లు చిన్న.

"వచ్చీసినావా అన్నా! తెలుగులో తిట్టుకోడానికి ఒక్కడూ లేక నోరు తుప్పట్టిపోనాది" అన్నాడు.

నవంబరు ఇరవై తర్వాత సూర్యుడు దక్షిణపు కొండ దాటి పైకి రాలేదు. ఫిబ్రవరి దాకా రాడని ముందే చెప్పారు. పగలు ఉండేది, ఎండ ఉండేది కాదు. బంకరు కిటికీని మంచు మూసేసింది. డిసెంబరుకు నేను మాటలు తగ్గించాను. పన్నెండు గంటలు పడుకున్నా లేవలేకపోయేవాణ్ణి. ఇంటి నుంచి ఫోన్ వస్తే లేనని చెప్పమన్నాను. ఒక రోజు తెగిన తీగ చూసి, అతకకుండా తిరిగొచ్చాను.

పోస్టు కమాండర్ రేడియోలో డాక్టరుతో మాట్లాడాడు. ఎండ లేని కాలంలో కొందరికి మనసు ఇలా కుంగుతుందని, ఒక దీపం పంపుతానని డాక్టరు చెప్పాడు. రోజూ పొద్దున అరగంట దాని ముందు కూర్చోవాలి. రెండు వారాల్లో తేడా తెలియాలి. తెలిసేదాకా తీగ పని వద్దు.

"నీ వంతు నేనెల్తాను" అన్నాడు ఆపరేటర్. "నువ్వు రేడియో సెట్టు కాడ కూకో. జల్దీ ఠీక్ అయిపో అన్నా, ఆ మంచులో నడవడం నాకు పడదు."

దీపం వచ్చింది. అన్నం కంచమంత తెల్ల పెట్టె. పొద్దున ఆరున్నరకు జనరేటర్ వేసేవారు. ఏడింటి దాకా కూర్చునేవాణ్ణి. ఏ తేడా లేదు.

పదకొండో రోజు ఆపరేటర్ బ్యాటరీ కోసం లోపలికి వచ్చి ఆగిపోయాడు.

"ఏటన్నా, దండం పెట్టుకుంటన్నావా?"

అప్పుడు గమనించాను. నా కళ్లు మూసి ఉన్నాయి. మా ఇంట్లో సాయంత్రం లైటు స్విచ్ వేసినా కళ్లు మూసి దండం పెడతారు. పది రోజులూ నేను అదే చేశాను. కళ్లు తెరిచి ఉండాలని డాక్టరు చెప్పలేదు. అది చెప్పాల్సిన మాట అని ఆయనకు తోచి ఉండదు.

"కళ్లు మూసుకుంటే ఎల్తురు ఎలాగెల్తాదన్నా లోపలికి?" అని పడీపడీ నవ్వాడు. ఆ రోజు నుంచి కళ్లు తెరిచి కూర్చున్నాను.

పద్దెనిమిదో రోజు తీగ తెగింది. అతను, ఇంకొకడు వెళ్లారు. నేను సెట్టు దగ్గర. పది ఇరవైకి అతని గొంతు వచ్చింది.

"రెండో మలుపు దాటాం. తీగ దొరికింది. అన్నా, కళ్లు తెరిచే ఉన్నావా? ఓవర్."

"తెరిచే ఉన్నాను. ఓవర్."

పది నలభైకి పిలిచాను. జవాబు లేదు. పైనుంచి మంచు జారింది. రెండోవాడు బయటపడ్డాడు. ఆపరేటర్‌ని మూడు గంటల తర్వాత వెలికితీశారు.

ఇరవై నాలుగో రోజు పొద్దున, ఎవరూ లేపకుండానే లేచాను. ఆకలేసింది. దీపం పనిచేసింది. మొదటి రోజు నుంచే కళ్లు తెరిచి ఉంటే పద్నాలుగో రోజుకే తీగ మళ్లీ నా వంతు అయ్యేది. ఈ లెక్క ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు.

మార్చిలో సెలవు దొరికింది. టాటానగర్‌లో దిగి, ఇంటికి వెళ్లకుండా ఆటోలో సాక్చి వెళ్లాను. పొద్దున ఎనిమిదిన్నర. సందులో వాళ్ల తలుపు తెరిచే ఉంది. గడపలో నిలబడ్డాను. ఎండ నా వీపు మీద పడుతోంది. లోపల వాళ్లమ్మ బియ్యం ఏరుతోంది. తలెత్తింది. కొడుకు లేడని ఆమెకు తెలుసు. దహనం కూడా చేశారు. అయినా ఆ వెలుతురుకు ఎదురుగా ఆమెకు నా ముఖం కనిపించలేదు. యూనిఫాం ఆకారమే కనిపించింది. నుదుటి మీద చెయ్యి అడ్డం పెట్టుకుంది. ముఖం విప్పారింది.

"వచ్చీసినావేట్రా?"

ఒక్క అడుగు పక్కకి జరిగితే నేనెవరో ఆమెకు తెలుస్తుంది. జరగాలి. ఎంతసేపటికి జరిగానో గుర్తు లేదు. ఆ అడుగు వేయకముందు ఆమె ముఖం ఎలా ఉందో మాత్రం రోజూ కనిపిస్తుంది.