విదేశీయుల బండిలో ఒక్క సీటు

నెమెసియా ఉస్కమైత పెట్టుబడి అంతా భయమే. కుస్కోలో ఒక లాండ్రీకీ, ఉన్ని బట్టల కొట్టుకీ మధ్య సందులాంటి గది ఆమెది. అందులో ఒక బల్ల, ఒక కంప్యూటరు, రెండు ప్లాస్టిక్ కుర్చీలు. ఇరవై ఆరేళ్ళుగా అక్కడే కూర్చుని విదేశాల నుంచి వచ్చినవాళ్ళకు విమానం టికెట్లూ, రైలు టికెట్లూ తీసిపెడుతోంది. పాస్‌పోర్టు చేతిలోకి తీసుకుని పేరు పైకి చదువుతుంది. గడువు ఎప్పటిదాకా ఉందో వేలు పెట్టి చూస్తుంది. ప్రయాణం తేదీ వాళ్ళ నోటితో మూడుసార్లు చెప్పిస్తుంది. అంతా అయ్యాక కూడా ముందురోజు సాయంత్రం హోటలుకు ఫోన్ చేసి మళ్ళీ గుర్తుచేస్తుంది. వాళ్ళు బండెక్కారని తెలిసేదాకా ఆమెకు ముద్ద దిగదు.

"వాళ్ళు సెలవులకొచ్చి హాయిగా తిరుగుతుంటే, వాళ్ళ భయం నువ్వు పడతావేంటే?" అని లాండ్రీ ఆవిడ ఎగతాళి చేసేది.

"ఎవరో ఒకరు పడాలిగా" అనేది నెమెసియా.

పేటలోవాళ్ళకు మాత్రం ఇంత తతంగం లేదు. అందరి గుర్తింపు కార్డుల నంబర్లూ ఆమె దగ్గర ఒక నోట్‌బుక్కులో రాసి ఉన్నాయి. ఎవరికి ఏ ఊరు వెళ్ళాల్సిన అవసరం వచ్చినా గుమ్మంలోంచి ఒక కేక వేస్తే చాలు, వాళ్ళు ఇంటికెళ్ళి మూట కట్టుకునేలోపు టికెట్టు సిద్ధంగా ఉండేది. కొంప ముంచింది ఆ నోట్‌బుక్కే.

జూన్ నెల, ఇంతి రైమి పండుగ వారం. పొద్దున్న ఎనిమిదింటికి బిర్గిట్ పిండి చేతులతోనే పరుగెత్తుకొచ్చింది.

"నెమె, ఇల్యారికి నొప్పులు మొదలయ్యాయట. ఇంకా మూడు వారాలుంది కదే."

ఇల్యారి బిర్గిట్ ఒక్కగానొక్క కూతురు. విదేశీయులు ఎగబడి చూసే పాత కోట ఉన్న కొండ కింద, ఆగ్వాస్ కల్యెంతెస్‌లో ఒక సత్రంలో పని చేస్తుంది. నిరుడు మొదటి కాన్పులో బిడ్డ దక్కలేదు. ఆ వేళ పక్కన తల్లి లేదు. వర్షాలకు కొండచరియలు పడి రైళ్ళు ఆగిపోయాయి. ఈసారి కడుపుతో ఉన్నానని తెలిసినప్పుడే ఇల్యారి, "నువ్వు రాకపోతే నేను కననమ్మా" అంది. "కనకుండా ఎక్కడ దాచుకుంటావే పిచ్చిదానా" అని నవ్వింది గానీ, వస్తానని బిర్గిట్ మాట ఇచ్చింది.

బిర్గిట్‌ది డెన్మార్కు. ముప్ఫై ఒక్క ఏళ్ళ కిందట రెండు వారాల సెలవుకని వచ్చి, సతుర్నీనో అనే రొట్టెలవాణ్ణి చూసి, తిరుగు టికెట్టు చింపేసింది. ఆరేళ్ళ కిందట సతుర్నీనో పోయాడు. పొయ్యి మాత్రం ఆరలేదు. ఇప్పటికీ సన్ హెరోనిమో బజారులో సగం మంది తినే చూతా రొట్టె ఆమె కాల్చిందే. బుట్టలు తిరిగి ఇవ్వనివాళ్ళను కెచువా భాషలో ఆమె తిట్టే తిట్లు పుట్టుకతో వచ్చినవాళ్ళకు కూడా రావు. బజారు ఆడవాళ్ళు ఆమెను 'మా గ్రింగా', అంటే మా తెల్లామె, అంటారు. నెమెసియా కొడుకు జ్ఞానస్నానానికి జ్ఞానతల్లిగా నిలబడింది ఆమే. అప్పట్నుంచీ ఇద్దరూ ఒకరికొకరు కొమాద్రెలు. ఆ పిలుపు ముందు రక్తసంబంధం కూడా కాస్త పక్కకు జరగాల్సిందే.

ఆగ్వాస్ కల్యెంతెస్‌కు రోడ్డు లేదు. రైలే దిక్కు. రైళ్ళు మళ్ళీ రెండు రకాలు: ఊరివాళ్ళ బండి వేరు, విదేశీయుల బండి వేరు. ఇక్కడి నివాస కార్డు లేకపోతే ఊరివాళ్ళ బండిలో విదేశీయుణ్ణి ఎక్కనివ్వరు. విదేశీయుల బండిలో పండుగ వారం సీటు కావాలంటే మార్చి నెలలోనే అడగాలి.

నెమెసియా నోట్‌బుక్కు తెరిచి, ఊరివాళ్ళ బండి టికెట్లిచ్చే ఫావుస్తోకు ఫోన్ చేసింది. "ఏమయ్యా ఫావుస్తో, మధ్యాహ్నం బండిలో ఒక్క సీటు. మన మనిషే" అని నంబరు చదివింది. అతను ఇంకేమీ అడగలేదు. టికెట్టు ఒల్యాంతైతాంబో స్టేషనులో తీసుకోమన్నాడు.

పరాయివాడి పాస్‌పోర్టయితే గడువు చూడకుండా ఆమె ఒక్కనాడూ టికెట్టు తీసి ఎరగదు. బిర్గిట్ విషయంలో ఆ ఆలోచనే తట్టలేదు. సొంత మనిషికి గడువు ఉంటుందని ఎవరికి తడుతుంది? నోరు మాత్రం అలవాటు కొద్దీ, "ఎందుకైనా మంచిది, ఉన్న కాగితాలన్నీ సంచీలో వేసుకో. పద, నేనూ వస్తా" అంది.

వ్యానులో రెండు గంటల దారి. పండుగ ఊరేగింపులు అడ్డం పడి రెండున్నర అయింది. బిర్గిట్ ఫోను అరచేతిలో పట్టుకుని కూర్చుంది. ఊరుబాంబా దాటాక ఇల్యారి దగ్గర్నుంచి ఒక మాట వచ్చింది: 'ఎక్కడున్నావు?' జవాబు రాసి పంపేలోపు సిగ్నలు పోయింది.

"మొదటి కాన్పుకు ఎంతసేపు పట్టింది?" అని అడిగింది నెమెసియా. అడిగాక నాలుక కరుచుకుంది.

"తొమ్మిది గంటలు. ఇది రెండోది. తొందరగా అవుతుంది" అంది బిర్గిట్ కిటికీలోంచి చూస్తూ.

స్టేషనులో టికెట్టు చేతికొచ్చింది. ప్లాట్‌ఫారం గేటు దగ్గర కుర్రాడొకడు, కొత్తగా చేరినవాడిలా ఉన్నాడు, బిర్గిట్ కార్డు తీసుకుని అటు తిప్పాడు, ఇటు తిప్పాడు.

"అమ్మా, దీని గడువు నాలుగేళ్ళ కిందటే అయిపోయింది."

నెమెసియా ముందుకు తోసుకొచ్చింది. కార్డు లాక్కుని చూసింది. నిజమే. "కొమాద్రె, ఇదేంటి?"

"సతుర్నీనో పోయాక ఆ ఆఫీసు మెట్లెక్కబుద్ధి కాలేదు" అంది బిర్గిట్ మెల్లగా. "వెళ్తే ఆ కాగితం మీద విధవ అని రాయించుకోవాలి కదా. రేపు వెళ్దాం, రేపు వెళ్దాం అనుకున్నాను."

నెమెసియా కుర్రాడి వైపు తిరిగింది. "బాబూ, ఈవిడది ముప్ఫై ఏళ్ళ కాపురం ఇక్కడ. కూతురు ఆ ఊళ్ళో పురిటి నొప్పులు పడుతోంది. కావాలంటే ఈ వెనకున్నవాళ్ళను అడుగు."

వెనక మూటలతో నిలబడ్డ ఆడవాళ్ళలో ఒకామె, "ఎక్కనివ్వయ్యా, మా గ్రింగానే. ఈమె రొట్టె తినే మా పిల్లలు పెరిగారు" అంది. ఇంకొకామె, "నీకు మీసాలు రాకముందు నుంచీ ఉందిరా ఇక్కడ" అంది.

కుర్రాడి మొహం కందిపోయింది. "మీరు ఊరివాళ్ళేనని నాకు తెలుస్తూనే ఉందమ్మా. మీ మాటే చెబుతోంది. కానీ కార్డు చెప్పట్లేదే. ఇప్పుడు మిమ్మల్ని ఎక్కిస్తే రేపు నేను ఇంట్లో కూర్చోవాలి."

దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడంటారు. ఈ పూజారి చెడ్డవాడు కూడా కాదు, అదీ బాధ. మూటలూ, కోళ్ళూ, పిల్లలూ ఎక్కారు. బండి వెళ్ళిపోయింది. అందులో బిర్గిట్ సీటు ఖాళీగా వెళ్ళింది.

బిర్గిట్ బెంచీ మీద కూర్చుంది. నెమెసియా పక్కన చేరింది. "నా వల్లే. ఊరూపేరూ తెలియనివాళ్ళ కాగితాలు భూతద్దం పెట్టి చూస్తాను. నీది చూడలేదు" అంది. నీ తప్పేముందిలే అని బిర్గిట్ అనలేదు. చేతులు మోకాళ్ళ మధ్య పెట్టుకుని పట్టాల వైపే చూస్తోంది. అలా చూస్తుంటే నెమెసియాకు నిరుటి సంగతి కళ్ళ ముందు ఆడింది. ఈసారి కూడా తల్లి లేకుండా ఏదైనా అయితే ఇల్యారి మొహం తను చూడగలదా? బిర్గిట్ మొహం చూడగలదా?

ఒకటిన్నరకు విదేశీయుల బండి ఉంది. అందులో సీటు లేదని ఆమెకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. ఇంకొకటి కూడా తెలుసు. ఆ బండికి అరగంట ముందు, రానివాళ్ళ సీట్లు టికెట్ల కిటికీలో అమ్మకానికి వదులుతారు. ముందు విదేశీయులకే ఇస్తారు, ఊరివాళ్ళకు వాళ్ళ బండి వాళ్ళకుందని.

"నీ పాస్‌పోర్టు తెచ్చావా?"

తెచ్చింది. రెండేళ్ళ కిందట తల్లి చావుకు డెన్మార్కు వెళ్ళొచ్చినప్పుడు చేయించింది. దానికి ఇంకా ఎనిమిదేళ్ళ గడువుంది.

నెమెసియా ఆమె నెత్తిమీది టోపీ తీసేసింది. జడలు రెండూ కోటులోకి దోపింది. భుజాల మీది దుప్పటి విప్పి తన సంచీలో కుక్కింది. పక్కనే బొమ్మలమ్మేవాడి దగ్గర, లామా బొమ్మలూ కుచ్చులూ ఉన్న రంగురంగుల ఉన్ని టోపీ కొని ఆమె తలకు తగిలించింది. ఊరివాళ్ళెవరూ చచ్చినా పెట్టుకోని టోపీ అది.

"నోరు తెరవకు. నీ నోట్లోంచి ఒక్క మాటొస్తే సన్ హెరోనిమో బజారంతా బయటపడుతుంది."

"మరి ఏ భాషలో మాట్లాడను?"

"నీ భాషలో."

"మర్చిపోయాను" అంది బిర్గిట్. ఎగతాళికి అందో, నిజంగానే అందో నెమెసియాకు తెలియలేదు.

కిటికీలో ఉన్న అమ్మాయి ఒక్కటే సీటు ఉందని చెప్పింది. వీళ్ళ వెనక జపాను కుర్రాళ్ళిద్దరు నిలబడి ఉన్నారు. ఆ అమ్మాయి పాస్‌పోర్టు చూసింది, బిర్గిట్‌ను చూసింది.

"ఈవిణ్ణి ఎక్కడో చూశానే."

"తెల్లవాళ్ళంతా ఒకేలా ఉంటారమ్మా. ఇరవై ఆరేళ్ళుగా చూస్తున్నాను, నాకే తేడా తెలియదు."

"చేతులకు ఆ పిండేంటి?"

"రొ... రొట్టెలు చేయడం నేర్పే క్లాసుకు వెళ్ళొచ్చింది. వీళ్ళ పిచ్చి మీకు తెలియనిదా."

అమ్మాయి నవ్వలేదు. "ఇక్కడ ఈవిడకు తెలిసినవాళ్ళెవరైనా ఉన్నారా? ఉంటే ఇవాళ్టికి వాళ్ళింట్లో ఉండి రేపు వెళ్ళమనండి. ఆ పిల్లలకు ఉండటానికి చోటు కూడా లేదంటున్నారు."

గేటు దగ్గర నిజం చెప్పి చూసింది నెమెసియా. కూతురి పురుడని ఇక్కడా చెబితే, కూతురు ఇక్కడిదైతే తల్లీ ఇక్కడిదే, మీ కిటికీకి పొండంటారు. అక్కడికెళ్తే ఇక్కడికి పొమ్మంటారు.

"ఎవరూ లేరు" అంది. "వా... వారం కిందట దిగింది. ఈ దేశంలో ఈమెకు నా అన్నవాళ్ళు ఒక్కరూ లేరు."

"మీరేమవుతారు?"

"నేనా? ఏమీ కాను. టికెట్లమ్ముకునేదాన్ని."

బిర్గిట్ ఆ టోపీ కింద, మాట అర్థం కాని మనిషిలా గోడమీది గడియారం వైపు చూస్తూ నిలబడింది. మిషను టికెట్టు ముద్రించింది. పేరు, పాస్‌పోర్టు నంబరు, దేశం: డెన్మార్కు.

పెట్టె మెట్ల దగ్గర యూనిఫాంలో ఉన్నవాళ్ళు విదేశీయులకు నమస్కరించి ఎక్కిస్తున్నారు. నెమెసియాకు ఆమెను గట్టిగా పట్టుకోవాలనిపించింది. కానీ టికెట్లమ్మేది ప్రయాణికుల్ని కావలించుకోదు కదా. దూరం నుంచి చెయ్యి ఊపింది. బిర్గిట్ కూడా ఊపింది, ఎక్కింది.

కుస్కోకు తిరిగి వెళ్ళడానికి నెమెసియాకు కాళ్ళు రాలేదు. ఉడికించిన మొక్కజొన్న కంకీ, జున్ను ముక్కా కొనుక్కుని బెంచీ మీద కూర్చుంది. కంకి చల్లారిపోయింది. లోయలో సిగ్నలుండదని తెలిసి కూడా పది నిమిషాలకొకసారి ఫోన్ చేసింది. బండి చేరే వేళ మూడూ పావు. మూడూ పావు దాటింది. నాలుగు దాటింది. ఇంతసేపు కబురు లేదంటే మంచి కబురు కాదేమో అనిపించింది. గేటు దగ్గరి కుర్రాడు డ్యూటీ దిగి వెళ్తూ, "ఏమైనా తెలిసిందా అమ్మా?" అని అడిగాడు. తల అడ్డంగా ఊపింది. అతను కాసేపు పక్కనే నిలబడి వెళ్ళిపోయాడు.

నాలుగున్నరకు ఫోన్ మోగింది.

"ఆడపిల్ల" అంది బిర్గిట్. "నేను గుమ్మంలో కాలు పెట్టిన ఇరవై నిమిషాలకు. పిల్ల ఏడ్చింది, కొమాద్రె. గట్టిగా ఏడ్చింది."

నెమెసియా కూడా ఏడ్చింది. స్టేషనులో అందరూ చూస్తున్నా ఏడ్చింది. ఇల్యారి ఎలా ఉంది, రక్తం ఎక్కువ పోలేదు కదా, పిల్ల ఎవరి పోలిక అని ఊపిరి తిప్పుకోకుండా అడిగింది. అన్నిటికీ బిర్గిట్ ఓపిగ్గా జవాబు చెప్పింది.

"బండిలో విదేశీయుల వినోదానికని ముసుగేసుకుని ఆడేవాడొకడు వచ్చి నన్ను డాన్సుకు లేవమన్నాడు. అక్కడ నా బిడ్డ నొప్పులు పడుతుంటే నేను ఆ టోపీ పెట్టుకుని ఎగిరాను. లేవకపోతే అనుమానపడి దింపేస్తారని భయమేసింది."

నెమెసియా నవ్వబోయి ఆగింది.

"నెమె, కిటికీ దగ్గర, ఈ దేశంలో నాకెవరూ లేరన్నావు చూడు."

"సీటు కోసం అన్నాను."

"నాకు తెలియదా. నువ్వు అనకపోతే నేనిక్కడ ఉండేదాన్నే కాదు. కానీ అబద్ధం ఆడాలంటే నీకు మాట తడబడుతుంది కదా. నీ మొగుడి దగ్గర కొత్త బట్టల సంగతి దాచేటప్పుడు, పాదిరి దగ్గర, ఎన్నిసార్లు చూశాను. ఇవాళ మిగతావాటికి తడబడ్డావు, ఆ ఒక్క మాటకు తడబడలేదే."

"అ... అది అబద్ధమే కదా కొమాద్రె" అంది నెమెసియా.

అవతల కొంచెంసేపు పసిపిల్ల ఏడుపు మాత్రం వినబడింది. తర్వాత బిర్గిట్, "పొద్దున్నుంచీ ఏమీ తిని ఉండవు, వెళ్ళి తిను" అని ఫోన్ పెట్టేసింది.