ఎక్కడ రాసుంది?

నల్లకోటు తొడిగిన మూడో నెలలోనే దాన్ని బురదలో ముంచి, పరువును అంతకన్నా లోతుగా ముంచిన ఘనుణ్ణి నేను. నవ్వుకోండి, నాకేం అభ్యంతరం లేదు. మా ఆవిడ ఇప్పటికీ నవ్వుతూనే ఉంది.

అరవైల మొదట్లో మాట. మద్రాసు లా కాలేజీలో ఆచారానికీ చట్టబలం ఉంటుందని మేష్టారు పాఠం చెప్పిన రోజున నేను కిటికీలోంచి సముద్రం చూస్తూ, హైకోర్టు జడ్జీనైనట్టు కలగంటున్నాను. ఆ ఒక్క పాఠమే నా కొంప ముంచింది.

పులికాటు సరస్సులో చేపలు పట్టే చోట్లను జాలరి ఇళ్లు వంతులవారీగా పంచుకుంటాయి. పోలమ్మ మొగుడు పోయాడు. ఆ ఇంటి వంతున ఆమె తమ్ముడు వల వేస్తున్నాడు. ఆడదానికి వంతేమిటని సుబ్బయ్య దావా వేశాడు. నేను అతని వకీలును. ఆ వంతు పోతే పోలమ్మ ఇంట్లో పొయ్యి వెలగదు. అది తెలిసే, కోర్టు వరండాలో ఆమెను గద్దించాను.

"నీకు వంతుందని ఎక్కడ రాసుంది?"

"మా అత్తకి అట్టానే వంతు జరిగినాది, ఆమె అత్తకీ అట్టానే జరిగినాది. నీళ్ల మీద ఎవురు రాస్తారయ్యా?"

"రాత లేని హక్కు హక్కే కాదు!" అన్నాను. నా గొంతు నాకే ముద్దొచ్చింది.

తరవాత ఆ చోటు ప్లాను గీసుకురమ్మని మా సీనియరుగారు పంపితే, సుబ్బయ్య పడవలో కోటుతో, చట్టం పుస్తకంతో సహా బయల్దేరాను. మధ్యాహ్నపు ఎండలో నీరేదో ఆకాశమేదో తెలియడం లేదు. దూరంగా కొంగలు ఒంటికాలి మీద నిలబడి కునుకుతున్నాయి. నాకూ కళ్లు మూతలు పడ్డాయి. కలలో మళ్లీ హైకోర్టు.

"అయ్యా, ఆటు మొదలైనాది, నీళ్లు తీస్తా ఉండాయి, పోదామా?"

"ఉండవయ్యా, తీర్పు చదువుతున్నాను."

తీర్పు పూర్తయి కళ్లు తెరిచేసరికి నీళ్లు లేవు. పడవ బురదలో కూర్చుంది. తోద్దామని దిగి నడుముదాకా దిగబడ్డాను. సుబ్బయ్య నా జుట్టు పట్టుకుని పడవలోకి లాగాడు.

కాసేపటికి, ఇంకా నీళ్లున్న కాలవలో ఒక పడవ వచ్చింది. గెడ వేస్తున్నది పోలమ్మ తమ్ముడు. పడవలో పోలమ్మ! ఏరు దాటాక బోడి మల్లయ్య అంటారు లోకులు. నేను ముందే బోడి మల్లయ్య అనేసి, ఇప్పుడు ఓడ మల్లయ్యా అని పిలవాల్సి వచ్చింది.

"అమ్మా, తాడు వెయ్యండి!"

"వెయ్యాలని ఎక్కడ రాసుందయ్యా?"

పడవలో ఉన్న చట్టం పుస్తకం తీసి తిరగేశాను. బురద సెక్షను కనిపించలేదు. సుబ్బయ్య నా చెవిలో గొణిగాడు. "పగోడైనా సరే, ఇరుక్కున్న పడవని చూసినోడు లాగాల్సిందే. మా కట్టుబాటు."

ప్రాణం లేచివచ్చింది. "కట్టుబాటుంది! తరతరాలుగా ఉంది! రాయకపోయినా చెల్లుతుంది!" అని సరస్సంతా దద్దరిల్లేట్టు అరిచాను.

పోలమ్మ నింపాదిగా తమ్ముడి వైపు తిరిగింది. "ఇన్నావంట్రా? ఇంక తాడెయ్యి."

వాయిదా నాడు పోలమ్మ వకీలు సాక్షుల జాబితా ఇచ్చాడు. మొదటి పేరు నాదే! మా సీనియరుగారు తల పట్టుకుని, "సరస్సు కట్టుబాటుకు నీకన్నా మంచి సాక్షి ఎవడున్నాడురా? పో, ఎక్కు" అన్నారు.

బోనెక్కాను. జిల్లా మునసబుగారు కళ్లద్దాలు సవరించుకున్నారు.

"రాయని కట్టుబాటు కూడా చెల్లుతుందని అన్నారా?"

"అన్నానండి."

"అన్నట్టు ఎక్కడ రాసుంది?"

"నా కోటు మీదండి. ఎంత ఉతికినా పోవడం లేదు."

కోర్టంతా గొల్లుమంది. సుబ్బయ్య కూడా నవ్వేసి దావా వదులుకున్నాడు. పోలమ్మ వంతు పోలమ్మకే నిలిచింది. ఓడిపోయినందుకు అంత సంతోషం నాకు మళ్లీ ఎన్నడూ కలగలేదు.

ఆ బురద మరక సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఒడ్డు చేరేదాకా ఎవరినీ "ఎక్కడ రాసుంది?" అని అడగను. స్టాంపు కాగితం అక్కర్లేదు. మా ఇంట్లో అది కట్టుబాటు.