మేక నోట షరీఫ్

రికార్డింగు ఉన్న రోజు శ్యామలమ్మ పెరుగు ముట్టదు. గొంతులో జిగట చేరితే మేక అరుపు మధ్యలో తెగిపోతుంది. ఆ బుధవారం కూడా టిఫిన్ డబ్బాలో చారన్నం పెట్టుకుని, కాప్రాలో బస్సెక్కి కార్ఖానాలోని స్టూడియోకు వచ్చింది.

ఆమె మేక అయి మూడు నెలలయింది. అంతకుముందు పదిహేనేళ్లు డబ్బింగ్ సీరియళ్లలో గుంపు గొంతు. చావింట్లో ఏడ్చే ఆడవాళ్లు, పెళ్లిపందిట్లో గుసగుసలాడే చుట్టాలు, కూరగాయల దగ్గర బేరమాడేవాళ్లు. వీళ్లెవరికీ పేర్లుండవు. ఒక ఏడుపు అయ్యాక ఇంకో ఏడుపుకు పిలుస్తారు, లేదా పిలవరు. ఒకసారి దసరా నుంచి ఉగాది దాకా ఫోన్ రాకపోతే చీరలకు ఫాల్స్ కుట్టుకుంది.

మేక సంగతి వేరు. అది అరవై ఏళ్ల కిందటి అమెరికా కార్టూన్. ఎడారిలో ఒక ఊరు, చెక్క ఇళ్లు, బ్యాంకును దోచుకునే నక్క. ఆ ఊరి పోలీసు అధికారి, అంటే షెరిఫ్, ఒక అడవిదున్న. పెద్ద టోపీ, ఛాతీ మీద నక్షత్రం బిళ్ల. ఆయన సహాయకురాలు మేక. దొంగల బొమ్మలు వేసి గోడలకు అంటించిన కాగితాలన్నీ అదే తినేస్తుంది. పిల్లల చానెలొకటి దీన్ని తెలుగులో వేయబోతోంది. మేక లేని భాగం లేదు. శ్యామలమ్మకు జీవితంలో మొదటిసారి మొదటి నుంచి చివరి దాకా ఉండే పాత్ర దొరికింది.

ఆరు భాగాలు పూర్తయి చెన్నై వెళ్లాయి. అక్కడ చానెల్ ఆఫీసులో తెలుగు సరిచూసేది కల్పలత, రాజమండ్రి మనిషి. సోమవారం ఆమె ఇవాన్‌కు ఫోన్ చేసింది. ఈ కార్టూనుకు మాటలు రాసేదీ, దగ్గరుండి చెప్పించేదీ అతనే.

“మీ మేక షెరిఫ్‌ని పట్టుకుని షరీఫ్ సాబ్ అంటోందేంటండీ?”

ఇవాన్ ఆరు భాగాలూ మళ్లీ విన్నాడు. అతను రాసింది షెరిఫ్ అనే. నక్క, ఊరి జనం అలాగే అన్నారు. మేక ఒక్కటే ప్రతిసారీ షరీఫ్ అంది. మర్యాదస్తుణ్ని ఇక్కడ షరీఫ్ అంటారు. సికింద్రాబాద్‌లో పుట్టి పెరిగిన అతని చెవికి ఆ మాట ఎక్కడా అడ్డం తగల్లేదు.

మేక మాటలన్నీ మళ్లీ చెప్పించాలని కల్పలత షరతు పెట్టింది. నోరు తిరగకపోతే చెన్నైలో వేరే గొంతు సిద్ధంగా ఉంది. బుధవారం రికార్డింగు తనే ఫోన్లో వింటానంది.

శ్యామలమ్మ రాగానే ఇవాన్ విషయం చెప్పాడు.

“ఆంటీ, షరీఫ్ అంటే ఆయన పేరనుకున్నరా?”

“పేరెందుకు అనుకుంట బిడ్డా? గుణం. నడుముకు రెండు పిస్తోళ్లున్నయ్, ఒక్కర్ని సుత కాల్చడు. నక్క ఏడిస్తే జైలు తాళం తీసిస్తడు. షరీఫ్ ఆద్మీ కాకపోతే ఏందీ?”

“అది నౌకరీ పేరు ఆంటీ. మన దిక్కు ఎస్సై లెక్క.”

“ఎస్సైయా?” ఆమె తెర మీద టోపీ సర్దుకుంటున్న దున్నను చూసింది. “గీయననా?”

మైకు ముందు నిలబడింది. విడిగా అంటే మాట బాగానే వచ్చింది. మేక పరుగెత్తుతూ అరవాల్సిన చోట మాత్రం పాతదే వచ్చింది.

“నక్క ఉరుకుతున్నది షరీఫ్ సాబ్!”

ఇవాన్ ఆపాడు.

“మళ్ల అన్ననా?”

“అన్నరు. సాబ్ సుత అన్నరు.”

వేడినీళ్లు తాగి, ‘షె’ దగ్గర జాగ్రత్తపడుతూ మళ్లీ చెప్పింది. మాట కుదిరింది, మేక పోయింది. బడిలో పాఠం అప్పజెప్పే పిల్ల గొంతు మిగిలింది.

“ఇదసలు బాలేదండీ,” అంది ఫోన్లో కల్పలత. “ఇలా అయితే మార్చేయడమే మంచిది.”

శ్యామలమ్మ ఇయర్‌ఫోన్లు తీయలేదు. “ఇంకొక్కపారి,” అంది. మళ్లీ అదే పరుగు, మళ్లీ షరీఫ్.

“షరీఫ్ కాదు ఆంటీ, షెరిఫ్!” ఇవాన్ విసుక్కున్నాడు.

ఆమె ఇంకా మేక గొంతులోనే ఉంది. “గదే గద నేనంటున్న! షరీఫే-ఏ-ఏ!”

ఫోన్లో కల్పలత నవ్వింది. నవ్వు తగ్గాక అడిగింది. “ఇప్పుడన్నది రికార్డయిందా?”

ఆపడం మరిచిపోయారు కాబట్టి అయింది.

“ఇవాన్ గారూ, మీరన్న మాట దున్నతో అనిపించండి. మొదటి భాగంలో ఒక్కసారి చాలు. దున్న దిద్దాలి, మేక వినకూడదు. అప్పుడది మేక తప్పవుతుంది, మనది కాదు. ఇక అన్నిట్లోనూ షరీఫ్ ఉంచేసుకోండి.”

“దానికి చోటు దొరకాలి కదండీ.”

“సాయంత్రంలోగా చూడండి. దొరక్కపోతే రేపు ఇక్కడి అమ్మాయిని పిలుస్తాను.”

పాత బొమ్మల్లో కొత్త మాట పెట్టాలంటే నోళ్లు కనపడకూడదు. మొదటి భాగాన్ని ముందుకీ వెనక్కీ తిప్పారు. ఇసుక గాలి వీచి దున్న టోపీ ముక్కు మీదికి జారుతుంది. అప్పుడే మేక గోడవైపు తిరిగి కాగితం తింటుంటుంది. రెండు నోళ్లూ కనపడని చోటు అదొక్కటే.

దున్నకు గొంతిచ్చే జకర్యా మధ్యాహ్నం బోయిన్‌పల్లి నుంచి వచ్చారు. రిటైరైన తెలుగు మాస్టారు, ఆదివారాలు చర్చిలో వాక్యం చదువుతారు. విషయం విని కళ్లజోడు తుడుచుకున్నారు.

“ఉద్యోగమంతా ఉచ్చారణ దిద్దడమే. పిల్లలెవరూ వినలేదు. ఇప్పుడు మేక కూడా వినదన్నమాట.”

“జెర గట్టిగనే దిద్దుండ్రి సార్,” అంది శ్యామలమ్మ. “ఎంత గట్టిగంటే నేనంత విననట్టు చేస్త.”

మేక మాట చోటుకంటే పొడుగైంది. ‘నేను’ తీసేసి ‘గదే గద అంటున్న!’ అన్నాక గాలి ఆగేలోపు సరిపోయింది. చెన్నైకి పంపారు. ఐదున్నరకు కల్పలత సరేనంది.

శ్యామలమ్మ అప్పుడు డబ్బా విప్పింది. చారన్నం చల్లారిపోయింది. ఆమె తింటుండగా ఇవాన్ ఏడో భాగం కాగితాలు ముందేసుకుని, మేక మాటల్లో షెరిఫ్ ఉన్నచోటల్లా కొట్టేసి షరీఫ్ అని రాశాడు. దాని రికార్డింగు శుక్రవారం. గురువారం ఆమె పెరుగు తినొచ్చు.

ఇంకా నలభై ఆరు భాగాలున్నాయి.