పట్టాల మీద పంక్తిలో నార్వే మాట

తెలంగాణ ఉద్యమం రోజుల్లో రైల్ రోకో జరిగి మా బండి మహబూబాబాద్ దగ్గర ఆగిపోయింది. ఊరివాళ్లు పట్టాల మీదే పొయ్యిలు పెట్టి వండుతున్నారు. పొగలో అంతా కలలోలా కనబడుతోంది. నా పక్క సీటులో ఉన్న నార్వే అమ్మాయితో కలిసి నేనూ దిగి పంక్తిలో కూర్చున్నాను.

జనగామ లైబ్రరీలో ఆమె భాష గురించి చదివానన్న ఉత్సాహంతో "యార్న్‌బానెస్తషూన్" అన్నాను. ఇనుము, దారి, స్టేషన్ కలిసి రైల్వే స్టేషన్‌కు ఒకే మాట. అక్షరాలన్నీ సమానంగా పలికాను. ఆమె నవ్వింది. బరువంతా మొదటి అక్షరం మీద వేస్తే మిగతావి ఇంజన్ వెనక పెట్టెల్లా వస్తాయని, పాడినట్టు పలికి చూపించింది.

వడ్డిస్తున్న అవ్వ ఆగింది. "గిదేం పాట బిడ్డా?"

"పాట కాదవ్వా, వాళ్ల మాట. ముందుగాల ఇనుము వస్తది," అన్నాను.

"ఇనుమైతే మన బయ్యారంల గూడ ఉన్నది. రాష్ట్రమే లేదు."

అది ఇంగ్లీషులో చెబితే, తమ దేశమూ ఒకప్పుడు పక్క రాజ్యం నుంచి విడిపోయిందేనంది ఆ అమ్మాయి. ఆ మాట అవ్వకు చెప్పాను.

"కొట్లాట కాలేదా?" అవ్వ అడిగింది.

"యుద్ధం లేకుండనే అయిందట."

అవ్వ ఆమె విస్తట్లో ఇంకో గంటె అన్నం వేసింది. "మాకు గూడ గట్లనే రావాలని మనసుల అనుకొని తిను, బిడ్డా."

నేను చెప్పాను. ఆ అమ్మాయి కాసేపు కళ్లు మూసుకుని, అప్పుడు ముద్ద నోట్లో పెట్టుకుంది.