మట్టిలో పెట్టిన ఆర్కిడ్

నాకు మొక్కల సంగతి బాగా తెలుసునని అమెరికాలో మా ఊరు ప్లేనోలో మావాళ్లంతా అనుకునేవారు. అలా అనుకునేలా చేసింది నేనే. మా ఇంట్లో పెద్ద కుండీలో కరివేపాకు చెట్టు ఉండేది. దాని పిలకలు తీసి ఎన్ని ఇళ్లకు పంచానో లెక్కలేదు. ఇచ్చిన ప్రతిసారీ పిలకతోపాటు ఒక ఉపన్యాసం కూడా ఇచ్చేదాన్ని. చలి మొదలవగానే లోపల పెట్టండి, పులిసిన మజ్జిగ నీళ్లలో కలిపి పొయ్యండి, ఆకు గిల్లడానికి భయపడకండి. మొక్క బతికితే నా చెయ్యి మంచిది. చస్తే వాళ్లు నా మాట వినలేదు.

మాకు రెండు వీధుల అవతల ఒక డాక్టరమ్మ ఉండేది. పిల్లల డాక్టరుగా పనిచేసి రిటైరైంది. భర్త పోయాక అంత పెద్ద ఇంట్లో ఒక్కతే. డెబ్బై ఎనిమిదేళ్లు. మేమంతా కంప్యూటర్ల పుణ్యమా అని వచ్చినవాళ్లం, ఆవిడ మాకంటే పాతికేళ్లు ముందొచ్చింది, ఆ సంగతి మమ్మల్ని ఎన్నడూ మరిచిపోనివ్వలేదు. ఒకసారి ఎవరింట్లోనో భోజనాల దగ్గర నా కరివేపాకు ప్రసంగం సాగుతుంటే, పేపర్ ప్లేటు పట్టుకుని నిలబడి, "మేం వచ్చినప్పుడు ఈ ఊళ్లో కరివేపాకే లేదు. ఎవరమూ చచ్చిపోలేదు," అంది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ నవ్వు నాకు చాలా రోజులు అరగలేదు.

అలాంటి మనిషి సెప్టెంబరులో ఒక రోజు ఫోన్ చేసి, ఒకసారి రాగలవా అని అడిగింది. వెళ్లాను. వంటింటి కిటికీలో ఐదు ఆర్కిడ్ పూలమొక్కలున్నాయి. నాలుగు నిండుగా ఉన్నాయి. ఐదో దాని ఆకులు ముడతలు పడి, గాలి పోయిన బెలూన్లలా వేలాడుతున్నాయి. కుండీలో మట్టికి బదులు వేసిన బెరడు ముక్కలు కుళ్లిపోయాయనీ, కొత్త బెరడులోకి మార్చాలనీ, తన వేళ్లు వణుకుతున్నాయనీ చెప్పింది. ఎవరినీ ఏదీ అడిగే మనిషి కాదు. ఎందుకు అడుగుతోందో కూడా దాచలేదు.

"నవంబరులో థాంక్స్‌గివింగ్ సెలవులకి మా అమ్మాయి వస్తుంది. సమ్మర్‌లో వచ్చినప్పుడు స్టవ్ మీద గిన్నె మాడ్చాను. అప్పట్నించీ నన్ను ఏదో ఓల్డేజ్ హోమ్‌లో పెడదామని చూస్తోంది. రాగానే ఫ్రిజ్ తీసి చూస్తుంది, మందుల డబ్బా చూస్తుంది, తర్వాత ఈ మొక్కలు చూస్తుంది. ఇవి బాగుంటే నేను బాగున్నట్టు. దీన్నిలా చూసిందంటే నన్నీ ఇంట్లో ఉండనివ్వదు."

మొక్కని మా ఇంటికి తీసుకెళ్లి, తేరుకునేదాకా చూసిపెట్టమంది. కుళ్లిన వేళ్లు కత్తిరించమంది. మట్టి తగలకూడదంది. వారానికోసారి నీళ్లు పోసి మొత్తం కారిపోనివ్వమంది. కొత్త బెరడు ముక్కల సంచి కూడా చేతికిచ్చింది. నేను తలూపుతూనే ఉన్నాను, ఒక్క ముక్కా బుర్రకెక్కించుకోలేదు. ఆవిడ నన్ను బతిమాలుతోందన్న సంగతొక్కటే నా చెవుల్లో మోగుతోంది.

ఇంటికొచ్చి సింక్‌లో కుండీ బోర్లించాను. నా జన్మలో ఆర్కిడ్ వేరు చూడలేదు. కొన్ని బూడిదరంగులో ఎండిపోయినట్టున్నాయి. చచ్చాయనుకుని కత్తిరించేశాను. కొన్ని గోధుమరంగులో నీళ్లు పట్టి లావుగా ఉన్నాయి. ఇవే ఆరోగ్యంగా ఉన్నాయనుకుని ఉంచాను. సరిగ్గా తలకిందులన్నమాట. బూడిదరంగువి దాహం మీదున్న మంచి వేళ్లు, లావువి కుళ్లు. చెక్క ముక్కల్లో ఏ మొక్కయినా ఎలా బతుకుతుంది, ఇది డాక్టర్ల చాదస్తం అనుకుని, బెరడు సంచి గరాజ్‌లో పడేసి, నల్లమట్టిలో పశువుల ఎరువు కలిపి, కరివేపాకు పిలక నాటినట్టే నొక్కి నాటాను. పైన మజ్జిగ నీళ్లు పోశాను.

ఆకులు ఇంకా వాలాయి. దాహమనుకుని రోజూ పోశాను. అక్టోబరులో అడుగు ఆకు పసుపుపచ్చగా మారి, ముట్టుకోగానే ఊడొచ్చింది. వేరు పట్టుకుని లాగితే పైతోలు నా వేళ్లకి జారివచ్చి, లోపల సన్నటి దారం మిగిలింది. వాసన చెప్పక్కర్లేదు. అప్పుడు మొదటిసారి ఇంటర్నెట్‌లో చదివాను. ఆవిడ చెప్పిందే అక్షరం పొల్లుపోకుండా రాసి ఉంది. అప్పటికైనా బెరడులోకి మార్చొచ్చు. మార్చలేదు. మారిస్తే ఆవిడ చెప్పింది నిజమని ఒప్పుకున్నట్టే.

వారం వారం ఫోన్ చేసేది. "నా పేషెంట్ ఎలా ఉంది?" బాగుందాంటీ అనేదాన్ని. కొత్త వేరు వచ్చిందా అంటే వస్తోందనేదాన్ని.

థాంక్స్‌గివింగ్ వారం, కూతురు దిగకముందే తెచ్చెయ్యమని రెండుసార్లు ఫోన్ చేసింది. ఏం మొహం పెట్టుకుని తెస్తాను? నేను వెళ్లేసరికి వాకిట్లో కూతురి రెంటల్ కారు ఉంది. లోపల కూతురు కిటికీ దగ్గర నిలబడి, "అమ్మా, ఫైవ్ ఉండాలి కదా, ఇంకోటి ఎక్కడ?" అని అడుగుతోంది. నా వయసే ఉంటుంది. ఇక్కడే పుట్టింది. ఇదిగో వచ్చింది, భలే తేరుకుందట అంటూ డాక్టరమ్మ నాకు ఎదురొచ్చింది. నేను కుండీని టేబుల్ మీద పెట్టాను. రెండు ఆకులు మిగిలాయి, రెండూ మెత్తగా మట్టికి అంటుకుపోయి ఉన్నాయి.

డాక్టరమ్మ వంగి, వేలితో మట్టిని పొడిచి చూసింది.

"మట్టిలో పెట్టావా? ఇదేమన్నా కరివేపాకనుకున్నావా? చదువుకున్నదానివేగా."

ఆ మాట కూతురి ముందు అనకుండా ఉండుంటే నిజం చెప్పేదాన్నేమో. చెప్పేదాన్నని ఇప్పుడు అనడం సులువు. ఆ క్షణంలో నా నోటినుంచి వచ్చింది ఇది:

"మీరే మట్టిలో పెట్టి ఇచ్చారు కదాంటీ. గుర్తులేదా?"

కోపంతో నిటారుగా నిలబడింది. తాను బెరడు సంచి కూడా ఇచ్చానంది. నేను చాలా నెమ్మదిగా, చిన్నపిల్లతో మాట్లాడినట్టు, "ఏ సంచి ఆంటీ?" అన్నాను.

కూతురు తల్లినే చూస్తోంది. డాక్టరమ్మ నన్ను చూసింది, కూతుర్ని చూసింది, ఆఖరికి మట్టి అంటిన తన వేలిని చూసుకుంది. "నేనా?" అంది. మమ్మల్నెవర్నీ కాదు, తనని తానే అడుగుతున్నట్టుంది. కూతురు దగ్గరకొచ్చి భుజం మీద చెయ్యివేసి, "ఇట్స్ ఓకే అమ్మా," అంది. ఆ చెయ్యి అంత మెత్తగా పడ్డాక ఇంక వాదించేందుకేం మిగల్లేదు. నాకు ఒక్క మాటతో దాన్ని సరిచేసే వీలుంది. టేబుల్ మీద రాలిన మట్టిని అరచేత్తో కూడదీసి మళ్లీ కుండీలోనే పోశాను.

ఎలాగూ కూతురు తీసుకెళ్లేదే, గిన్నె మాడింది నిజమే, వయసూ నిజమే అని నాతో నేను చాలాసార్లు వాదించుకున్నాను. వాదనలో నన్ను ఓడించేవాళ్లు తక్కువ. ఈ ఒక్క వాదనలో మాత్రం నా పక్షాన నేనే నిలబడలేకపోయాను.

ఫిబ్రవరికల్లా ఆ ఇంటి ముందు అమ్మకానికి బోర్డు పెట్టారు. ఎండలు ముదరకముందు ఒకసారి ఆవిడని చేర్చిన హోమ్‌కి వెళ్లాను. ఒకటే గది, ఉత్తరం కిటికీ, మొక్కలు లేవు. పక్క గదిలో ఉండే గుజరాతీ ఆవిడ కూర్చుని ఉంది. డాక్టరమ్మ నన్ను ఆవిడకు ఇంగ్లీషులో పరిచయం చేసింది. ఈ అమ్మాయి నా ఆర్కిడ్‌ని బతికించాలని రెండు నెలలు చాలా కష్టపడింది, నేనే తెలివితక్కువగా మట్టిలో పెట్టి చంపేశాను అని చెప్పింది. తర్వాత నావైపు తిరిగి తెలుగులో, "నేను నిన్ను కోప్పడ్డాను కూడాను. ఏమనుకోకమ్మా," అంది.

అంతకుముందు ఆవిడ నన్నెప్పుడూ అమ్మా అని పిలవలేదు.

"పరవాలేదాంటీ," అన్నాను.