చీపురు తగలని గూడు

నిన్న మా మెస్సులో మొదటిసారి పురుగుల మందు కొట్టించాను. ఆ ఘాటు ఇంకా గొంతులోనే ఉంది. ఈ ఏడు ఈగలు నా చేతికి లొంగలేదు, ఏం చేసేది! ఈశ్వరమ్మక్క ఉండి ఉంటే నన్ను నాలుగు దులిపేది. బేతంచెర్ల స్టేషను దారిలో ఈ మెస్సు పెట్టింది ఆమే. శెట్ల ఇంటి కోడలు. మొగుడు పోయాక ఎవరి పంచనా చేరకుండా గరిటె పట్టుకుంది. నాపరాళ్ల గనుల్లో పనిచేసేవాళ్లూ లారీ డ్రైవర్లూ ఆమె చేతి కూడు తిని పోయేవాళ్లు. కొత్తగా కాపురానికి వచ్చిన నేను కూరగాయలు తరగడానికి ఆమె దగ్గర చేరాను. వంటకంటే ముందు ఆమె నాకు నేర్పింది, ఈగల్ని రానివ్వకపోవడం.

తిన్న విస్తరి నేల మీద ఉండకూడదు, వెంటనే మూత ఉన్న డ్రమ్ములో పడాలి. మురికినీళ్లు పోయే మోరీలో రోజూ సున్నం చల్లాలి. గుమ్మానికి నీళ్లు నింపిన ప్లాస్టిక్ కవర్లు కట్టించేది. వాటిని చూసి ఈగలు బెదురుతాయని ఎవరో చెప్పారట. నాకైతే నమ్మకం కుదరలేదు. ఒకసారి చారులో ఈగ పడింది. తీసేసి వడ్డిద్దామన్నాను. ఆమె గిన్నె గిన్నంతా మోరీలో ఒంపేసింది.

"ఈగ దానంతట అది రాదు మే. మనమే యాడో ఒకచోట పిలిచింటాం" అంది.

ఆ పూట అందరికీ మజ్జిగే పోసింది. నేను మూతి ముడుచుకుని తిరిగాను.

ఇంత కచ్చితమైన మనిషి, సామాన్ల గది తలుపు పైన కందిరీగ కట్టిన మట్టిగూడు జోలికి మాత్రం ఎవర్నీ పోనిచ్చేది కాదు. కందిరీగ మట్టిగూడు కడితే ఆ ఇంట్లో బిడ్డ పుడుతుందని మావైపు నమ్మకం. ఉగాదికి బూజు దులుపుతూ నేను ఆ గూటి మీదికి చీపురు ఎత్తితే, పరుగున వచ్చి నా చెయ్యి పట్టుకుంది. కోయిలకుంట్లలో కొత్త కోడలుగా ఉన్నప్పుడు, శుభ్రం పిచ్చిలో తాను అలాంటి గూడొకటి పగలగొట్టిందట. అత్త నెత్తీ నోరూ బాదుకుందట. ఆ తర్వాత ఆమె కడుపు పండనే లేదు.

"దాని నిండా బొక్కలుండె. లోపల ఏముండాదో అని చూస్తే ఏమీ లేదు, ఉత్త మట్టి. నా కడుపూ అట్లే అయిపాయ" అంది.

మరుసటి ఏడు నేను నెల తప్పాను. ఆమె సంబరం చూడాలి! గూటికి పసుపూ కుంకుమా పెట్టి, భోజనానికి వచ్చిన డ్రైవర్లందరికీ బెల్లం పంచింది. తాను చెప్పినట్టే అయిందని మురిసిపోయింది. నేనూ మురిశాను. నా కడుపు పండటం, గూడు పగలగొట్టిన ఆమె నేరానికి సాక్ష్యమైందని అప్పుడు నాకు తట్టలేదు. కూతురు పుట్టాక, ఊయల పక్కనే కూర్చుని విసనకర్రతో ఈగలు తోలేది. ఒక్క ఈగను బిడ్డ మీద వాలనిచ్చేది కాదు. ఎత్తుకో అక్కా అంటే మాత్రం వెనక్కి జరిగేది.

"వద్దులే మే. నా చెయ్యి మంచిది కాదు."

ఎంత బతిమాలినా అదే మాట. చివరిదాకా ఎత్తుకోలేదు.

ఆమె పోయి, మెస్సు నా చేతికి వచ్చి చాలా ఏళ్లయింది. నిన్న మందు కొట్టడానికి కడప నుంచి వచ్చినతను ఆ గూడు చూసి, రాలగొట్టేదా అని అడిగాడు. వద్దని కసిరాను. అతను నవ్వాడు.

"పాతదమ్మా ఇది. కందిరీగ గుడ్డు పెట్టి మూతి మూసేసి పోతాది. పిల్ల లోపల పెరిగి, కొరుక్కోని బయటికి ఎగిరిపోతేనే ఈ బొక్కలు పడేది. ఇంక లోపల ఏముంటాది, ఉత్త మట్టి."

నేను తలెత్తి ఆ బొక్కల్నే చూశాను. బొక్కలుండె అంది ఆమె. ఏమీ లేదు, ఉత్త మట్టి అంది. ఆమె చీపురు ఎత్తకముందే ఆ పిల్లలన్నీ ఎగిరిపోయాయి. ఎవరి ఉసురూ ఆమెకు తగల్లేదు. ఈ రెండు ముక్కలు చెప్పే మనిషి అప్పుడే వచ్చి ఉంటే ఏం పోయేది!

గూడు అలాగే ఉంచాను. పొద్దున మోరీలో సున్నం చల్లాను, గిన్నెల మీద మూతలు సర్దాను. ఆమె నేర్పినవన్నీ నా చేతులు వాటంతట అవే చేసుకుపోతాయి. ఆమెకు చేరాల్సిన మాట ఒక్కటే నా దగ్గర ఉండిపోయింది. నీ చెయ్యి మంచిదేనక్కా.