రెండో ఆల్బమ్‌కి కావలసిన దగ్గు

జానపదాలను గిటార్లతో కలిపి పాడే ఆ బృందంలో ముఖ్య గాయకుణ్ని అందరూ గడ్డం అనే పిలుస్తారు. స్టూడియోలో కూడా నల్లకళ్లద్దాలు తీయడు. మైకు ముందు చెవి మీద చెయ్యి పెట్టుకుని, పొలం గట్టు ఎన్నడూ తొక్కని కాళ్లతో నేలను తంతాడు. ఎవరైనా శ్రుతిలో పాడితే మొహం మాడ్చుకుంటాడు. "మరీ నున్నగా ఉంది, మట్టివాసన తగల్లేదు" అంటాడు. మొదటి ఆల్బమ్‌ను ఇంటి వెనక రేకుల షెడ్డులో చేశారు. అందులో జోలపాట పాడుతూ గడ్డం వాళ్ల పెద్దమ్మ మధ్యలో దగ్గింది. జనం పాటను వదిలేసి ఆ దగ్గుకే పడి చచ్చారు. అప్పటినుంచి ఆ దగ్గు తన సొంత ఆస్తి అన్నట్టే తిరుగుతున్నాడు.

రెండో ఆల్బమ్‌కి పెద్దమ్మను అద్దాల గదిలో కూర్చోబెట్టాడు. పాట హాయిగా సాగిపోయింది. "పాట సరే పెద్దమ్మా, రెండో చరణంలో దగ్గాలి కదా!" అన్నాడు. ఆమె దగ్గింది. "అలా కాదు, గొంతు పూడుకుపోయినట్టు." మళ్లీ దగ్గింది. "అబ్బా, నీ దగ్గు నీకే రాకపోతే ఎలా?" అని విసుక్కుని, తనే దగ్గి చూపించాడు. పెద్దమ్మ హెడ్‌ఫోన్లు తీసి ఒళ్లో పెట్టుకుంది. "అప్పుడు షెడ్డులో వచ్చింది దగ్గు కాదురా. పోయిన మన చంటిది గుర్తొచ్చి ఏడుపొచ్చింది. మీరంతా చూస్తున్నారని దగ్గుతో కప్పేశాను." గడ్డం మొదటిసారి కళ్లద్దాలు తీశాడు. అద్దం అవతలున్న సౌండ్ ఇంజనీరు వైపు తిరిగి, గొంతు తగ్గించి అడిగాడు: "ఇప్పుడన్నది రికార్డయిందా?"